రోజుకో పెరడు

చిన్నమ్మ పోయిందని చిన్నాయన ఫోన్ చేసిన పొద్దున మా అమ్మ మంచం మీద పడుకుని చిన్నమ్మ పెట్టిన ఫోటోనే చూస్తూ ఉంది. నేను పాలకేంద్రంలో పని ముగించుకుని వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తున్నాను.

"మీ సిన్నమ్మ లేదు పాపా. కొళాయి కాడ పడిపోయినాది. ఆటో వచ్చేలోపలే అయిపోయినాది" అన్నాడు చిన్నాయన. ఆయన గొంతులో ఏడుపు లేదు. ఎవరో చెప్పి రమ్మన్న కబురు చెప్తున్నట్టు చెప్పాడు. "వస్తా ఉండాను చిన్నాయనా" అన్నాను.

లోపలికి పోయి అమ్మకి చెప్పాను. ఇలాంటివి ముందు ఏదో మాట్లాడి, మెల్లగా చెప్పాలంటారు. నాకది చేతకాదు. "చిన్నమ్మ పోయిందంటమ్మా" అనేశాను. అమ్మ నన్ను కోపంగా చూసి ఫోన్ నా మొహం మీదికి తిప్పింది.

"నీకు మతుండాదా మే? ఇప్పుడే కదా స్టేటస్ పెట్టినాది. ఇదిగో సూడు. సచ్చిపోయిన మనిసి ఫోటో పెడతాదా?"

నీలం రంగు నీళ్ల డ్రమ్ము. దాని మూత మీద ఒక తొండ మెడ నిక్కించి, ఎవరితోనో తగాదాకి దిగినట్టు చూస్తోంది. ఫోటో మూలలో ఎప్పటిలాగే చిన్నమ్మ బొటనవేలి కొస అడ్డం పడింది. అది తీసి, స్టేటస్‌లో పెట్టి, ఫోన్‌ని కిటికీలో ఉంచి, బిందె పట్టుకుని కొళాయి దగ్గరికి పోయిందంట. అమ్మని నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది. నమ్మాక కూడా ఆమె ఫోన్ మాత్రం వదల్లేదు.

నేను ఎవరి గురించి రాసినా కొంచెం ఎక్కువ చేసి రాస్తానని మా ఇంట్లో దెప్పుతుంటారు. చిన్నమ్మ గురించి ఎక్కువ చేయడానికి ఏమీ లేదు. మా అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. తిరుపతిలో ఒక సందు చివర అద్దె ఇంట్లో ఉండేది. రెండు గదులు, వెనక పెరడు. పెరట్లో ఒక మునగ మాను, ఒక జామ మాను, ఇంత కరేపాకు, బట్టలుతికే బండ, దండెం, డ్రమ్ము. చిన్నాయన బట్టల కొట్లో గుమస్తాగా చేసి మానుకున్నాడు. చక్కెర జబ్బుతో ఆయన కాలివేళ్లు తీసేశారు కాబట్టి ఆయన్ని వదిలి చిన్నమ్మ ఎక్కడికీ పోగలిగేది కాదు. వాళ్ల కూతురు, నాకు చెల్లెలు, చిత్తూరులో కాపురం చేస్తోంది. ఇంతే మనుషులు.

మా అమ్మ పలమనేరులో నా దగ్గర ఉంటుంది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమె లోకమంతా ఆ మంచమే. మంచాన పడకముందు ఏడాదికి నాలుగైదు సార్లు చెల్లెలింటికి పోయేది. పోయి, ఆ పెరట్లో బండ మీద కూర్చుని, చెల్లెలు చేసే ప్రతి పనికీ వంకలు పెట్టి, కడుపు నిండిపోయి తిరిగొచ్చేది. తిరుపతికీ పలమనేరుకీ మధ్య ఒక పూట బస్సు ప్రయాణం. ఆ కాస్త దూరమే వాళ్లిద్దరికీ ఇక దాటలేనిదైపోయింది.

ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అని మీరనొచ్చు. చిన్నమ్మకి చెవుడు. "ఏం వండినావు?" అని మా అమ్మ గొంతు చించుకుంటే "ఆఁ, నిన్ననే ఎత్తేసినాం" అని ఆమె బదులు. దేన్ని ఎత్తేశారో దేవుడికే తెలియాలి. సరే, మొహాలైనా చూసుకుంటారని వీడియో కాల్ కలిపిస్తే, చిన్నమ్మ అలవాటుగా ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకునేది. ఇక్కడ మా అమ్మకి తెర నిండా ఒక చెవి, ఒక కమ్మ.

"మే, నీ సెవి సూడనా నేను ఫోన్ సేసినాను? మొగం సూపీ!" అని మా అమ్మ అరుపు. ఆ అరుపు ఆ చెవిలోకి పోయేది కాదు. నేను పక్కనే కూర్చుని కడుపుబ్బ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక మా అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చేది. అప్పుడు నవ్వు ఆగిపోయేది.

అలాంటప్పుడు చిత్తూరు చెల్లెలు తన పాత ఫోన్ వాళ్లమ్మకి ఇచ్చి స్టేటస్ పెట్టడం నేర్పింది. స్టేటస్ సంగతి మీకు తెలిసిందే. ఫోటో పెడితే మన నంబరు ఉన్నవాళ్లందరూ చూస్తారు. ఒక పగలూ ఒక రాత్రీ ఉండి మాయమైపోతుంది. ఎవరెవరు చూశారో కన్ను గుర్తు నొక్కితే పేర్లు కనపడతాయి.

చిన్నమ్మ మొదట పెట్టింది మునగ పూత. ముప్పాతిక భాగం ఆకాశం, ఒక మూల పూత, ఇంకో మూల వేలు. నేనైతే 'ఇదేం ఫోటోరా దేవుడా' అనుకున్నాను. మా అమ్మ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "మునగ పూసినాది. ఈసారి ముందే పూసినాది" అంది. మంచాన పడ్డాక నొప్పి, మాత్రలు, నా వంట బాగాలేదనడం తప్ప ఇంకో మాట ఆమె నోట విన్నది నేను అప్పుడే.

ఆ తరవాత దినం తప్పలేదు. పొద్దున అమ్మ కళ్లు తెరిచేసరికి పెరడు వచ్చి ఉండేది. ఒకరోజు దండెం మీద చిన్నాయన పంచె, దాని మీద వాలిన తూనీగ. ఒకరోజు దోసెపిండి పొంగి గిన్నె చుట్టూ కారిన వైనం. ఒకరోజు ఉతికే బండ పగులులో మొలిచిన ఏదో పిచ్చిమొక్క. నాకు అవి ఫోటోలు. మా అమ్మకి అవి కబుర్లు. ఆమె వాటిని చదివేది. "సీపురు కొత్తది కొన్నాది సూడు." "గోడకి సున్నం రాలతా ఉండాది, ఆ ఇంటాయన యాడ బాగు సేపిస్తాడు." "దాని గాజులు వదులైపోయినాయి. తింటా ఉండాదో లేదో." చేయి కూడా కనపడని ఫోటోలో గాజులు ఎక్కడున్నాయని నేను వెతికితే, గిన్నె అంచుమీద నీడ చూపించేది.

అక్కడ చిన్నమ్మకి కావలసింది కన్ను గుర్తు ఒక్కటే. ఇంకెంతమంది చూసినా ఆమెకి లెక్కలేదు. ఆ పేర్లలో అక్క పేరు పడిందంటే అక్క లేచినట్టు, కళ్లు తెరిచినట్టు, ఈ రోజుకి ఉన్నట్టు. మా అమ్మకి ఫోటో వచ్చిందంటే చెల్లెలు లేచినట్టు. మాట లేకుండా, వినపడే పని లేకుండా, వాళ్లిద్దరూ అలా పలకరించుకునేవాళ్లు.

ఒకసారి గాలివానకి మా వీధిలో కరెంటు పోయి, అమ్మ ఫోన్లో ఛార్జింగ్ లేక ఆమె స్టేటస్ చూడలేదు. సాయంత్రం నాకు పాలకేంద్రంలో ఫోన్ వచ్చింది.

"పాపా, అక్క ఇంకా సూడలేదు. లేచినాదా లేదా? నాకాడ దాయొద్దు, ఉండేది ఉండేట్టు సెప్పు."

"కరెంటు లేదు చిన్నమ్మా! అమ్మ బాగుండాది!"

"యాడికి పోయినాది?"

"యాడికీ పోలేదు! కరెంటు! కరెంటు!"

పాలు పోయడానికొచ్చిన వాళ్లంతా నన్ను చూస్తున్నారు. చివరికి చిన్నమ్మ ఏడుస్తూ ఫోన్‌ని పక్కింటి పరుపుల సాయిబు భార్య చేతికిచ్చింది. ఆమెకి చెప్తే ఆమె చిన్నమ్మ చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "అట్ల సెప్పొచ్చు కదా ఈ పిల్ల" అని చిన్నమ్మ నన్ను తిట్టడం ఫోన్లోంచి నాకు బాగా వినిపించింది.

కాలాలు మారడం మా ఇంట్లో కిటికీలోంచి కాక ఆ ఫోన్లోంచే తెలిసేది. పలమనేరు చల్లని ఊరు, ఇక్కడ ఎండాకాలమొచ్చినా పెద్దగా తెలియదు. తిరుపతి ఎండ వేరు. పాత పంచె మీద వడియాలు పెట్టి, అవి ఎండినాక కాదు, కాకి వచ్చి తొక్కిపోయినాక ఫోటో తీసేది చిన్నమ్మ. పిండి మీద మూడువేళ్ల గుర్తులు వరసగా. చూసి మా అమ్మకి ఒళ్లు మండింది. "కావిలి ఉండకుండా ఫోటోలు తీస్తా కూర్సున్నాదా ఇది!" అని ఆ రోజంతా అదే మాట. ఆమె అంత హుషారుగా తిట్టి ఎన్నాళ్లయిందో.

తొలి వానలకి ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు వచ్చేవి. వాటిని తీయడానికి చిన్నమ్మ బురదలో మోకాళ్ల మీద కూర్చునేదని చిన్నాయన ఫిర్యాదు. కార్తీకం దాటినాక పడే వానలకి ఒకసారి పెరడంతా నీళ్లు నిలిచి, వంటింటి గడప దాకా వచ్చాయి. టీవీ వాళ్లు రోడ్లు చూపిస్తున్నారు, కార్లు చూపిస్తున్నారు. చిన్నమ్మ చూపించింది నీళ్లలో తేలుతున్న చిన్నాయన చెప్పు, దాని మీద ఎక్కి కూర్చున్న చీమలు. అది చూసి మా అమ్మ ఆ పూటంతా ఫోన్ కింద పెట్టలేదు. చివరికి, "మంచం ఎత్తుగానే ఉండాదిలే" అంది. చెల్లెలి ఇంట్లో మంచం సంగతి ఆమె అంతసేపూ ఆలోచిస్తోంది.

చలికాలం వస్తే అనపకాయలు. నానబెట్టిన గింజల్ని వేళ్ల మధ్య పట్టి నొక్కితే తోలు ఒకవైపు, పప్పు ఒకవైపు ఎగిరిపడతాయి. ఆ పని చిన్నాయనది. ఆయన బొల్లి మచ్చల చేతులు, పక్కన చెంబులో పచ్చటి పప్పు. చిల్లులు పడిన బనియన్ కూడా ఫోటోలో పడింది. ఆ రోజు చిన్నాయన నాకు ఫోన్ చేసి, "మీ సిన్నమ్మకి నువ్వన్నా సెప్పు పాపా. ఇంట్లో దరిద్రమంతా ఊరికి సూపిస్తా ఉండాది. నా బనియన్ సూసి మా పాత సేటు ఫోన్ సేసి, 'ఏమప్పా, బాగుండావా, ఏమన్నా కావాల్నా' అని అడగతా ఉండాడు" అని మొత్తుకున్నాడు. నేను తిరుపతికి పోయినప్పుడు చెవి దగ్గర అరిచి చెప్తే ఆమె ఏమందో తెలుసా? "కొత్త బనియన్‌లో ఆయన ఆయన మాదిరి ఉండడు" అంది.

ఆమె మాటలు ఇలాగే ఉండేవి, అక్కడికక్కడ తెగ్గొట్టినట్టు. శ్రీహరికోటలో రాకెట్ ఎగరేసినప్పుడు తిరుపతిలో మిద్దెలెక్కి చూస్తారు. ఆ సందులో జనమంతా మిద్దెల మీద చేరి ఫోన్లు పైకెత్తారు. ఆ రోజు స్టేటస్‌లో ఆకాశం లేదు, పొగ చార లేదు. ఎదుటి మిద్దె మీద వరసగా నిలబడ్డ మనుషుల నోళ్లు ఉన్నాయి, అన్నీ తెరుచుకుని. పరుపుల సాయిబు ఇంటామె నోరు అందరికన్నా పెద్దగా తెరుచుకుని ఉంది. ఆమె తరవాత కొట్లాటకి వచ్చింది కూడా. "రాకెట్టు అందురూ తీస్తారు. నోళ్లు ఎవురు తీస్తారు?" అని చిన్నమ్మ జవాబు. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. వారం తరవాత చిన్నమ్మే ఆమెని పిలిచి, ఆమె మేక కడుపుతో ఉంటే ఆ కడుపుని ఫోటో తీసింది.

"పువ్వు బాగుండాదని అది పూసిన దినమే తీస్తే దాంట్లో మన తెలివేముండాది? వాడిపోయేటప్పుడు కూడా పక్కన నిలబడాల" అని నాతో ఒకసారి అంది. జామకాయని ఉడత కొరికినాక తీసేది. పాలు పొంగిపోయినాక తీసేది. అందంగా ఉండే ఫోటో ఒకటన్నా తీయరాదా అని నేను విసుక్కుంటే, "అందంగా ఉండేవి క్యాలెండర్లో ఉంటాయి. మీయమ్మకి క్యాలెండరు ఉండాది కదా" అంది.

చిన్నాయన్ని కూతురి దగ్గర వదిలి ఆమె పలమనేరుకి ఒకే ఒక్కసారి రాగలిగింది. ఒక్క రోజు. ఎన్నో మాట్లాడుకుంటారని నేను ఇల్లు ఊడ్చి, వంట చేసి, పక్కకి తప్పుకున్నాను. వాళ్లు ఏమీ మాట్లాడుకోలేదు. మా అమ్మ అరవలేదు, ఆమె వినలేదు. మంచం పట్టె మీద చిన్నమ్మ కూర్చుని అక్క కాళ్లు ఒత్తింది. తరవాత ఫోన్ తీస్తే మా అమ్మ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మంచంలో నన్ను తీయొద్దు మే." చిన్నమ్మ ఆ అడ్డం పెట్టిన చేతినే తీసింది. మర్నాడు పొద్దున తిరుపతి నుంచి ఆ చెయ్యే వచ్చింది, వేళ్ల సందుల్లో వెలుతురుతో. మా అమ్మ ఆ చేతిని చూసి, "అమ్మ సెయ్యి" అంది. ఎప్పుడో పోయిన మా అమ్మమ్మ చెయ్యని అర్థం.

మా అమ్మ ఇన్నేళ్లు లేచి కూర్చుందంటే, ఒక ముద్ద తిన్నదంటే, అది నా సేవ వల్ల కాదు. నా సేవలో విసుగే ఎక్కువ. మందుల వల్ల కూడా కాదు. రేపు పొద్దున ఏముంటుందో చూడాలి కాబట్టి ఆమె రాత్రి నిద్రపోయేది. చిన్నమ్మకి నేను ఎంత రుణపడి ఉన్నానో ఎన్నడూ చెప్పలేదు. చెప్పినా వినపడేది కాదులెండి.

చిన్నమ్మ పోయిన రోజు నేను ఒక్కదాన్నే తిరుపతికి పోయాను. అమ్మని బస్సులో కాదు, కారులో కూడా కూర్చోబెట్టలేం. ఎదురింటామెని తోడుంచి బయల్దేరాను. నేను పోయేసరికి చిన్నమ్మని నడిమింట్లో పడుకోబెట్టి ఉన్నారు. చెల్లెలు తల దగ్గర కూర్చుని ఉంది. చిన్నాయన పెరటి గడప మీద కూర్చుని డ్రమ్ము వైపు చూస్తున్నాడో, ఏమీ చూడడం లేదో తెలియలేదు. వచ్చినవాళ్లు ఒకరి తరవాత ఒకరు ఫోన్లు తీసి చూస్తున్నారు. చిన్నమ్మ పేరు పక్కన, స్టేటస్ ఉందని చూపే ఆకుపచ్చ గీత ఇంకా వెలుగుతూనే ఉంది. మనిషిని తీసుకుపోయి, అన్నీ అయిపోయి, ఇల్లు కడిగి, మేము స్నానాలు చేసి వచ్చినా ఫోన్లో ఆ తొండ అట్లాగే మెడ నిక్కించుకుని ఉంది.

మర్నాడు నేను ఇంటికొచ్చేసరికి అమ్మ ఫోన్‌ని దిండు కింద పెట్టేసి ఉంది. "ఇప్పుడు పోయినాది" అంది. ఎదురింటామె నన్ను పక్కకి పిలిచి, నిన్నంతా మీ అమ్మ అన్నం ముట్టలేదు, ఆ ఫోటో తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం, పొద్దున అది కనపడకుండా పోయినాకే ఏడ్చింది అని చెప్పింది.

తొమ్మిది పది రోజులకి అమ్మ కొంచెం తేరుకుని నన్ను పిలిచింది. నేను చిన్నమ్మ దినాలకి బయల్దేరుతున్నాను.

"దాని ఫోన్లో అన్నీ ఉంటాయి. తీసినవన్నీ నా దాంట్లోకి ఎక్కించుకోని రా. సీర ఏమన్నా ఇస్తే నాకొద్దని సెప్పు. గిన్నె, సెంబు ఏమీ వద్దు. ఫోటోలు తీసుకోని రా."

"తెస్తానమ్మా" అన్నాను. ఎంత సులభంగా అన్నానో.

దినాలు అయినాక నేనూ చెల్లెలూ చిన్నమ్మ ఫోన్ తెరిచాం. ఫోటోలు ఉండే చోట ఏమీ లేదు. నిజంగా ఏమీ లేదు. ఒక గ్యాస్ సిలిండర్ బిల్లు, ఎవరో పంపిన పెళ్లి పత్రిక, చిన్నాయన కాలి పుండు డాక్టర్‌కి చూపించడానికి తీసినవి. చెల్లెలు ఇంకెక్కడైనా ఉంటాయేమోనని కిందికీ పైకీ తోస్తూనే ఉంది. అప్పుడు పరుపుల సాయిబు భార్య గడప దగ్గర నిలబడి చెప్పింది.

"అయ్యో, అవి ఆమె తుడిచేసేది కదమ్మా. ఫోన్లో జాగా లేదని రోజూ నా కాడికొచ్చి, 'నిన్నటిది తుడిచెయ్ తల్లీ' అనేది. ఉంచుకోవా అక్కా అని అడిగినాను నేను. 'నాకెందుకు? సూసినోళ్లందరి ఫోన్లలోకీ పోయినాది. పేర్లు పడినాయి సూడు. వాళ్ల కాడ ఉండాది, మా అక్క కాడ ఉండాది' అనేది. నిజమే అనుకున్నా నేను. ఆమె ఎప్పుడూ అనేదే కదా అని ఆ తొండది కూడా మర్నాడు నేనే తుడిచేసినా. నాకేం తెలుసు, యా అల్లా!"

చూసినవాళ్ల పేరు పడిందంటే ఫోటో వాళ్ల దగ్గర చేరిందని చిన్నమ్మ నమ్మింది. ఆ కన్ను గుర్తుని ఆమె రసీదు అనుకుంది. రోజూ ఒక పెరడుని అక్క చేతిలో పెట్టి, అక్క తీసుకున్నట్టు పేరు చూసుకుని, తన దగ్గర ఉన్నదాన్ని నిశ్చింతగా తుడిచేసింది.

ఫోన్లు బాగుచేసే కొట్టుకి తీసుకుపోయాం. అతను దాన్ని యంత్రానికి తగిలించి చూసి, ఎప్పటికప్పుడు తుడిచి, దాని మీద ఇంకోటి తీసి, మళ్లీ తుడిచినవి రావమ్మా అన్నాడు. చుట్టాలందరికీ ఫోన్లు చేశాం. అందరూ చూసినవాళ్లే. "రోజూ సూసేవాళ్లం మే, ఎంత బాగుండేవి!" ఒక్కరి దగ్గరా ఒక్కటీ లేదు. రేపు ఇంకోటి వస్తుంది కదా, ఎవరు దాచుకుంటారు? నేనూ దాచుకోలేదు.

ఆ పూట పెరట్లోకి పోయి నేనే ఫోటోలు తీశాను. డ్రమ్ము తీశాను, బండ తీశాను, మునగ మాను కింద నుంచి పైకి తీశాను, దండెం మీద చిన్నాయన పంచె ఉంటే అదీ తీశాను. ఇంటికొచ్చి అమ్మకి జరిగింది చెప్పి, ఇవన్నా చూడమ్మా అని చేతికిచ్చాను. ఒక్కొక్కటీ చూసింది. వేలు అడ్డం లేదు, అన్నీ నిండుగా వచ్చాయి.

"ఇది దాని పెరడు కాదు" అంది. "ఎవురిదో ఇంటెనక గోడ తీసుకోనొచ్చినావు."

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అదే గోడమ్మా, అదే డ్రమ్ము అని వాదించాను. అమ్మ వాదించలేదు. "అంతమంది సూసినారు కదా మే. అంతమందిలో ఒక్కరు పట్టుకోలేకపోయినారా?" అంది.

చిన్నాయన్ని చెల్లెలు చిత్తూరుకి తీసుకుపోయింది. ఇల్లు ఖాళీ చేసిన వెంటనే ఇంటాయన మునగ మాను, జామ మాను కొట్టించి, పెరడంతా కాంక్రీటు పోయించాడని పరుపుల సాయిబు భార్య చెప్పింది. కారు నిలపడానికంట. ఇల్లు ఆయనది, కారు ఆయనది, ఎవరినేమనగలం? ఈ సంగతి నేను అమ్మకి చెప్పలేదు. చెప్పడానికి ఆమె ఏమీ అడగడం లేదు. పొద్దున లేస్తుంది, ఫోన్ తీస్తుంది, పెట్టేస్తుంది. మునగ పూసే కాలం వచ్చిందో పోయిందో మా ఇంట్లో ఇప్పుడెవరికీ తెలియదు.

మొన్న అమ్మ ఫోన్ మొరాయిస్తుంటే నేను అందులో చెత్త తీసేయడానికి కూర్చున్నాను. మా అమ్మకి ఫోన్ పడిపోతుందని భయం. పడుకుని చూస్తుంది కాబట్టి రెండు పక్కలా మీటలు నొక్కుకుపోయేటట్టు గట్టిగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నప్పుడల్లా తెర మీద ఉన్నది దానంతటదే ఫోటో పడిపోతుందని ఆమెకి తెలియదు. ఆ ఫోటోలు వందలు ఉన్నాయి. తాళం పడిన తెర, గడియారం, నా పేరు, బ్యాటరీ అయిపోయిందనే మాట, మళ్లీ తాళం పడిన తెర. ఒక్కొక్కటీ తుడుచుకుంటూ పోతున్నాను. మధ్యలో ఒకటి చిన్నమ్మ స్టేటస్.

తుడవబోయిన వేలు ఆపేశాను. పైన ఆమె పేరు ఉంది. కానీ ఫోటో పూర్తిగా రాకముందే మీట నొక్కుకుపోయింది. ఉన్నది ఒక మసక. కింద ఆకుపచ్చో బూడిదో తెలియని రంగు, పైన కొంచెం తెలుపు, నట్టనడుమ ఫోటో వస్తూ ఉందని చూపే చిన్న గుండ్రం గీత. అది మునగ మానా, దండెం మీద పంచెనా, చిన్నాయన చేతులా, చెప్పలేను. చెల్లెలికి పంపితే జామ మాను అంది. చిన్నాయన చూసి, వాన నీళ్లు అన్నాడంట.

ఫోటో రాకపోయినా కింద అక్షరాలు వచ్చాయి. చిన్నమ్మ ఫోటో కింద మాటలు పెట్టేది కాదు, ఆమెకి అక్షరాలు ఏరుకోవడం బద్ధకం. ఆ రోజు మాత్రం ఏరుకుని కూర్చుని రాసింది.

"అకా ఇది బాగొచ్చినాది సూడు"

తుడిచేయాలో చూపించాలో తేల్చుకోలేకపోయాను. చివరికి అమ్మ దగ్గరికి తీసుకుపోయి చేతిలో పెట్టాను. ఆమె మెల్లగా కూడబలుక్కుని ఆ మాటలు చదివింది. ఇంకోసారి చదివింది. తరవాత అక్షరాల పైన చూసి, ఆ గుండ్రం గీత మీద కళ్లు నిలిపింది. మొహం తేటపడింది. అన్నాళ్ల తరవాత ఆమె మొహం అలా చూస్తే నాకు భయం వేసింది.

"వస్తా ఉండాది మే. ఇంకా తిరగతా ఉండాది."

"అమ్మా, అది..."

"ఉండు, తొందరపడొద్దు. సిగ్నలు లేదేమో ఈడ. ఇదో, కిటికీ కాడికి పట్టుకోని పో."

నేను ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, చెయ్యి చువ్వల్లోంచి బయటికి చాపి, అలాగే నిలబడ్డాను.